‘అంటరాని వసంతం’ నవలలో విశ్వాసం, సంఘజీవనం, గతస్మృతి: ఒక పరిశీలన

పరిశోధనసారాంశం

గతంలో పడ్డ బాధను దాటి, విశ్వాసం ఆధారంగా, సంఘం అండతో జీవితాన్ని తిరిగి నిర్మించుకొన్న మనుషుల కథనాలు తెలుగులో ఎక్కువగా క్రైస్తవసాక్ష్యాలలోనూ, మిషనరీ చరిత్రలలోనూ కనిపిస్తాయి. ఆ ఇతివృత్తాన్ని అనేక తరాల కుటుంబకథగా విస్తరించిన నవల జి. కళ్యాణరావు రచించిన ‘అంటరాని వసంతం’ (2000). సాక్ష్యకథనం గతాన్ని చీకటిగా చెప్పి వదిలివేస్తుంది. ఈ నవల గతంలోని గాయాన్నీ, గతంలోని సంపదనూ వేరుచేసి చూస్తుంది. విశ్వాసం ఆశ్రయాన్ని ఇచ్చినా, పోగొట్టుకొన్న సంపదను తిరిగి తెచ్చుకొన్నప్పుడే పునర్నిర్మాణం సాధ్యమవుతుందని, ఆ పని ఒక్క తరంలో ముగిసేది కాదని నవల ప్రతిపాదిస్తున్నట్లు నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అంటరాని వసంతం, దళితక్రైస్తవం, ధాత కరువు, సాక్ష్యం, సంఘం, స్మృతి, రూతు.

1. ఉపోద్ఘాతం

విరసం ప్రచురణగా 2000లో వెలువడిన ‘అంటరాని వసంతం’ తెలుగు దళితనవలల్లో విశిష్టమైన స్థానం పొందింది. విశ్వవిద్యాలయాల్లో పాఠ్యాంశంగానూ, పరిశోధనాంశంగానూ నిలిచింది. ‘అన్‌టచబుల్ స్ప్రింగ్’ పేరుతో ఆంగ్లంలోకి అనువాదమైన తరువాత తెలుగేతర పాఠకులకు కూడా చేరింది. రూతు అనే వృద్ధురాలు తన భర్త రూబేను చెప్పిన సంగతులను జ్ఞాపకం చేసుకోవడం ఈ నవల కథనానికి చట్రం. ఆ జ్ఞాపకాల్లో రూబేను తాత ఎల్లన్న, నాయనమ్మ సుభద్ర, తల్లిదండ్రులు శశిరేఖ, శివయ్య, వారి ఊరు ఎన్నెలదిన్నె ఒక్కొక్కటిగా పాఠకుని ముందుకు వస్తాయి.

ఈ నవలలోని మతాంతరీకరణను ప్రధానంగా రెండు విధాలుగా చదవడానికి అవకాశం ఉంది. మొదటిది, క్రైస్తవస్వీకారాన్ని ఆత్మగౌరవం కోసం దళితులు వేసిన అడుగుగా చూడటం. రెండవది, దానిని విప్లవరాజకీయాల వైపు సాగే ప్రయాణంలో ఒక మజిలీగా మాత్రమే చూడటం. రెండింటికీ నవలలో ఆధారాలున్నాయి. అయితే రెండు పఠనాల్లోనూ ఒక ప్రశ్నకు సమాధానం దొరకదు. క్రైస్తవం విముక్తి మార్గమే అయితే, ఆ మార్గంలో నడిచినవారి కొడుకు తన తాత పాట కోసం పాత ఊరు ఎందుకు వెతుక్కుంటూ వెళ్లాడు? అది మజిలీ మాత్రమే అయితే, విప్లవంలోకి నడిచిన చివరి తరం కూడా బైబిలు పేర్లనే ఎందుకు మోస్తున్నది? ఈ రెండు ప్రశ్నలను ఎదురెదురుగా నిలిపి నవలను మరొకసారి చదవడం ఇక్కడి ప్రయత్నం.

2. చారిత్రకనేపథ్యం: కరువు, కాలువ, బాప్తిస్మం

1876-78 మధ్య మద్రాసు రాజధానిని కబళించిన కరువు ధాత నామ సంవత్సరంలో మొదలైంది. అందువల్ల తెలుగువారు దానిని ధాత కరువు అని పిలుచుకొన్నారు. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలో భాగం. కరువుపనుల కింద ప్రభుత్వం తూర్పుతీరం వెంబడి కాలువ తవ్వకాన్ని చేపట్టింది. ఆనాటి మద్రాసు గవర్నరు పేరు మీదుగా దానికి బకింగ్‌హాం కాలువ అనే పేరు స్థిరపడింది.

ఒంగోలులో 1866 నుంచి పనిచేస్తున్న అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ, ఆ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల భాగం తవ్వకాన్ని గుత్తకు తీసుకొన్నాడు. మిషనరీగా రాకముందు ఆయనకు సర్వేయరుగా అనుభవం ఉంది. మిగిలిన భాగాల్లో అగ్రకులాల మేస్త్రీల చేతిలో మాదిగకూలీలు దెబ్బలు, మోసాలు ఎదుర్కొంటున్న కాలమది. క్లౌ తన భాగంలో తెలుగు ప్రబోధకులనే మేస్త్రీలుగా నియమించాడు. పగలు మట్టి లెక్క చూసినవారే పని ఆగినప్పుడు కూలీల మధ్య కూర్చొని సువార్త చెప్పారు.

తిండి ఆశతో మతం మారారన్న మాట వస్తుందని క్లౌకు తెలుసు. కరువుసాయం నడిచినంతకాలం, ఏడాదికి పైగా, ఆయన బాప్తిస్మాలు నిలిపివేశాడు. సాయం ఆగిపోయిన తరువాత కూడా జనం రావడం ఆగలేదు. 1878 జూలై 3న ఒంగోలుకు సమీపంలో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు ప్రబోధకులు ఇద్దరిద్దరుగా వంతులవారీగా నీటిలో నిలబడి ఆ కార్యక్రమం జరిపించారు.

ఈ ఉద్యమానికి బీజం కరువుకు పదేళ్ల ముందే పడింది. తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం పొందాడు. అంతకుముందు ఆయన యోగమార్గంలో ఒక గురువును అనుసరించిన భక్తుడు. చర్మవ్యాపారం కోసం ఊరూరా తిరిగిన పేరయ్య ద్వారా కొత్త విశ్వాసం బంధువుల ఇళ్లకు, వియ్యాలవారి ఊళ్లకు చేరింది. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన ‘వైల్ సూయింగ్ శాండల్స్’ మాదిగల్లో ఉన్న ఇటువంటి గురుపరంపరలను గ్రంథస్థం చేసింది.

ఈ వివరాల నుంచి రెండు అంశాలు స్పష్టమవుతాయి. మొదటిది, విశ్వాసం ఇక్కడ ఒంటరి మనిషి అంతరంగంలో కాక, చుట్టరికాల దారుల్లో ప్రయాణించింది. రెండవది, అది శూన్యంలోకి రాలేదు. అప్పటికే ఉన్న ఒక భక్తిసంప్రదాయం మీద వచ్చి నిలిచింది. మిషనరీ నివేదికలు మొదటి అంశాన్ని సంఖ్యలుగా నమోదు చేశాయి. రెండవ అంశం, అంటే వచ్చినవారు తమ వెంట ఏమి తెచ్చుకొన్నారన్నది, ఆ సంఖ్యల్లో కనిపించదు. 2,222 అనే అంకె వెనుక ఉన్న పేర్లు, పాటలు, ఊళ్లు వెతకవలసిన బాధ్యత తరువాతి కాలపు సాహిత్యం మీద పడింది. ‘అంటరాని వసంతం’ ఆ బాధ్యతను స్వీకరించింది.

3. ఆశ్రయం: శివయ్య సీమోనుగా మారడం

నవలలో కరువు ఎన్నెలదిన్నె దళితవాడను చెల్లాచెదురు చేస్తుంది. శివయ్య, శశిరేఖ బతుకుదెరువు కోసం కాలువపనుల వైపు నడుస్తారు. అక్కడ పని ఉంది, కూలి ఉంది. అయినా అంటరానివారు తమతో కలిసి మట్టి తవ్వడానికి ఇతర కులాలవారు ఒప్పుకోరు. ఆకలి అందరిదీ అయినా పనిలో అందరికీ చోటు లేకపోవడం నవలలోని అత్యంత కఠినమైన ఘట్టాల్లో ఒకటి. పైన పేర్కొన్న చరిత్ర ఈ ఘట్టానికి బలం చేకూరుస్తుంది.

ఆ స్థితిలో వారికి ఎదురుపడిన వ్యక్తి మార్టిన్. అతను కూడా అంటరాని కులం నుంచే క్రైస్తవంలోకి వచ్చినవాడు. శివయ్యకు మొదట దొరికింది సిద్ధాంతం కాదు, ఒక మనిషి. ఆ మనిషి చూపిన నీడ, పెట్టిన తిండి, ఇచ్చిన మాట తరువాతనే మతం వచ్చింది. శివయ్య సీమోను అయ్యాడు. చారిత్రకంగా పేరయ్య విషయంలో చుట్టరికం చేసిన పనిని నవలలో మార్టిన్ చేసిన సాయం చేసింది. అగ్రకులాలు తోసివేసిన చోట, తనవాడే ముందుకు వచ్చి చేయి అందించాడు.

‘సీమోను’ అనే పేరు గురించి ఒక మాట చెప్పుకోవాలి. సువార్తల్లో యేసు తన శిష్యుడైన సీమోనుకు పేతురు అనే కొత్త పేరు పెడతాడు. అంటే సీమోను ఆ శిష్యుని పాత పేరు. శివయ్యకు కొత్తగా వచ్చిన పేరు బైబిలులో పాతబడిపోయిన పేరు. రచయిత దీనిని ఉద్దేశించాడా లేదా అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. మారడం అప్పటికి పూర్తి కాలేదని, ఇంకా ఏదో మిగిలి ఉందని ఆ పేరు పాఠకునికి సూచిస్తుంది. ఆ మిగిలినదాన్ని వెతకడం అతని కొడుకు పని అవుతుంది.

4. సాక్ష్యరూపం, నవలారూపం

తెలుగు క్రైస్తవసంఘాల్లో ‘సాక్ష్యం’ అనేది స్థిరపడిన మౌఖికప్రక్రియ. ఆరాధనలో ఒకరు లేచి నిలబడి, తాను ఒకప్పుడు ఎలా ఉండేవాడో, ఏ సందర్భంలో దైవాన్ని తెలుసుకొన్నాడో, ఆ తరువాత జీవితం ఎలా మారిందో సంఘం ఎదుట చెబుతాడు. తాగుడు, జబ్బు, అప్పులు, చావులు ఇందులో వస్తాయి. వినేవారు స్తోత్రం పలుకుతారు. ఈ ప్రక్రియకు సాహిత్యవిమర్శలో తగిన గౌరవం దక్కలేదు. చదువు అందని మనిషికి, ముఖ్యంగా స్త్రీకి, తన జీవితాన్ని ఆద్యంతాలున్న కథగా పదిమంది ఎదుట చెప్పే హక్కునిచ్చిన వేదిక ఇది. బాధను నోరు తెరిచి చెప్పడం, దానిని విన్నవారు తలలూపడం కోలుకోవడంలో సగం పని.

అయితే సాక్ష్యానికి ఒక నిర్మాణనియమం ఉంది. అది జీవితాన్ని రెండు ముక్కలు చేస్తుంది. ముందటిది చీకటి, తరువాతిది వెలుగు. వెలుగు ఎంత ప్రకాశంగా కనిపించాలంటే చీకటి అంత దట్టంగా ఉండాలి. దీనివల్ల గతంలో ఉన్నదంతా, బాధతోపాటు ఆటపాటలు, కళలు, కొలుపులు, పెద్దల తెలివి కూడా చీకటి పద్దులోకి చేరిపోతాయి. దళితుని విషయంలో ఇది మరింత సున్నితమైన సమస్య. అతని గతాన్ని అగ్రకులం ముందే నీచమని ముద్రవేసింది. సాక్ష్యం అదే గతాన్ని పాపమని చెప్పవలసి వస్తే, బాధించినవాడి మాటకూ, బాధితుని మాటకూ తేడా చెరిగిపోయే ప్రమాదం ఉంది.

‘అంటరాని వసంతం’ సాక్ష్యరూపాన్ని స్వీకరించి, ఈ నియమాన్ని మాత్రం నిరాకరించింది. రూతు చేస్తున్నది సాక్ష్యమే. తన కుటుంబం ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందో ఆమె జ్ఞాపకం చేసుకొంటున్నది. కానీ ఆ జ్ఞాపకంలో బాప్తిస్మానికి ముందున్న కాలం చీకటిగా కనిపించదు. అక్కడ ఎల్లన్న ఉన్నాడు. అంటరానివాడన్న కారణంగా దూరం నిలబడి ఆట చూడవలసి వచ్చిన పిల్లవాడు, తానే పాటగాడుగా, కళాకారుడుగా ఎదిగిన వృత్తాంతం నవలలో చాలా భాగాన్ని ఆక్రమించింది. అక్కడ సుభద్ర ఉన్నది. తమ చేనికి రావలసిన నీటి కోసం ఎదురునిలిచిన స్త్రీ ఆమె. వీరి జీవితాల్లో అవమానం ఎంత ఉన్నదో, సృజన, ధైర్యం కూడా అంత ఉన్నాయి.

మిషన్ నీడలో పెరిగిన రూబేను ఎన్నెలదిన్నెను వెతుక్కుంటూ వెళ్లడం ఈ దృష్టితో చూడవలసిన ఘట్టం. అతనికి చదువు ఉంది, కొత్త పేరు ఉంది, సంఘం ఉంది. మిషనరీ దృష్టిలో అతను విజయగాథ. అయినా అతనికి తన తండ్రి సీమోను మాత్రమే తెలిస్తే సరిపోలేదు. శివయ్య తెలియాలి, ఎల్లన్న తెలియాలి. ఈ వెదుకులాటలో అతను క్రైస్తవాన్ని వదిలిపెట్టలేదు. పాత ఊరికి వెళ్లినవాడు రూబేనుగానే వెళ్లాడు, రూబేనుగానే తిరిగి వచ్చాడు. విశ్వాసం తనకు ఇచ్చిన నిలకడతోనే అతను గతం కళ్లలోకి చూడగలిగాడు. ఆశ్రయం దొరకని మనిషికి అది సాధ్యపడేది కాదు.

5. పేర్ల వంశావళి: రూతు నుంచి జెస్సీ వరకు

బైబిలులోని రూతు గ్రంథం కరువుతో మొదలవుతుంది. బేత్లెహేములో కరువు వచ్చినప్పుడు ఒక కుటుంబం మోయాబు దేశానికి వలసపోతుంది. అక్కడ నయోమి భర్తనూ, ఇద్దరు కొడుకులనూ పోగొట్టుకొంటుంది. మోయాబు స్త్రీ అయిన కోడలు రూతు, తానూ విధవరాలై, అత్తను విడిచిపెట్టకుండా ఆమె వెంట పరాయి ఊరికి వస్తుంది. అత్తతో ఆమె చేసిన ప్రతిజ్ఞలో జనం ముందు వస్తుంది, దైవం తరువాత వస్తుంది. అత్తగారి మనుషులను తనవారిగా చేసుకొన్న తరువాతనే ఆమె దేవుణ్ణి తనవాడిగా చేసుకొంటుంది. రెండవ విభాగంలో చూసిన ఒంగోలు ప్రాంతపు చరిత్రకు, మూడవ విభాగంలో చూసిన మార్టిన్ ఘట్టానికి ఈ క్రమం సరిగ్గా సరిపోతుంది.

నయోమి సొంత ఊరికి తిరిగి వచ్చినప్పుడు, మధురమనే అర్థమున్న తన పేరు వదిలి, చేదు అనే అర్థంలో మారా అని పిలవమంటుంది. బాధ మనిషి పేరును మార్చివేస్తుంది. గ్రంథం చివర రూతుకు కొడుకు పుట్టినప్పుడు ఇరుగుపొరుగు స్త్రీలు ఆ బిడ్డకు ఓబేదు అని పేరు పెడతారు. బాధ చెరిపిన చోట సంఘం మళ్లీ పేరు రాస్తుంది. ఆ ఓబేదు కుమారుడు యెష్షయి, యెష్షయి కుమారుడు దావీదు అని చెప్పి గ్రంథం ముగుస్తుంది. కరువుతో మొదలై వంశావళితో ముగిసే కథ ఇది.

నవలలో రూతు, రూబేనుల కొడుకు ఇమ్మానుయేలు. అతని కొడుకు జెస్సీ. తెలుగు బైబిలులో యెష్షయిగా కనిపించే పేరుకు ఆంగ్లరూపం జెస్సీ. బైబిలు రూతు మనుమడు యెష్షయి అయితే, నవలలో రూతు మనుమడు జెస్సీ. ఈ పోలిక యాదృచ్ఛికమే అయినా, నవలానిర్మాణాన్ని చదవడానికి అది ఒక తాళంచెవిగా ఉపకరిస్తుంది. రెండు కథల్లోనూ రూతు బయటి నుంచి ఆ ఇంటికి వచ్చినది. పుట్టింటి వంశం కాక, మెట్టింటి వంశం ఆమె నోట నిలిచింది. రక్తసంబంధం లేని ఎల్లన్నను, తాను చూడని ఎన్నెలదిన్నెను ఆమె తనవిగా చేసుకొని మనుమల తరానికి అందించింది. వంశస్మృతిని కాపాడేది కోడలు అనే అవగాహన రెండింటిలోనూ ఉంది.

రూతు గ్రంథంలో రూతు బోయజు పొలంలో పరిగె ఏరుకొంటుంది. కోతలయ్యాక చేలో రాలిన వెన్నులు ఏరుకొని గంజి కాచుకోవడం దళితస్త్రీలకు తరతరాల అనుభవం. నవలలో రూబేను, రూతు చేసిన పని కూడా ఒక విధమైన పరిగె ఏరుకోవడమే. లిఖితచరిత్ర కోసుకుపోయిన చేలో రాలిపడిన మాటలను ఏరి కుటుంబానికి తిండిగింజలుగా దాచారు. నవల శిల్పాన్ని వర్ణించడానికి ఇంతకన్నా సరైన మాట తెలుగులో దొరకదు.

6. తరాల మీదుగా సాగిన కోలుకోవడం

మానసికగాయాల నుంచి కోలుకోవడాన్ని అధ్యయనం చేసిన జూడిత్ హర్మన్ తన ‘ట్రామా అండ్ రికవరీ’ (1992) గ్రంథంలో మూడు దశలను ప్రతిపాదించింది. మొదటిది భద్రత నెలకొనడం. రెండవది జరిగినదాన్ని స్మరించి, పోయినదానికి దుఃఖించడం. మూడవది సాధారణజీవనంతో, తోటిమనుషులతో తిరిగి సంబంధం ఏర్పరచుకోవడం. ఇది ప్రధానంగా వ్యక్తి చికిత్సను దృష్టిలో పెట్టుకొని రూపొందిన నమూనా.

ఈ నమూనాను ‘అంటరాని వసంతం’కు అన్వయిస్తే ఒక విశేషం బయటపడుతుంది. మూడు దశలూ నవలలో ఉన్నాయి. అయితే అవి ఒక మనిషిలో కాక మూడు తరాల్లో పంచబడి ఉన్నాయి. సీమోనుకు దక్కింది భద్రత మాత్రమే. కరువులో పోయినవారి కోసం కూర్చొని ఏడ్చే తీరిక అతని తరానికి లేదు. స్మరించడం, దుఃఖించడం రూబేను వంతయింది. తిరిగి సంబంధం కలుపుకోవడం, అంటే అన్యాయాన్ని అందరి సమస్యగా గుర్తించి నలుగురితో కలిసి నిలబడటం, తరువాతి తరాల వంతయింది. జెస్సీ విప్లవోద్యమం వైపు నడవడాన్ని ఈ క్రమంలో మూడవ దశగా అర్థం చేసుకోవచ్చు. ఉపోద్ఘాతంలో అడిగిన రెండవ ప్రశ్నకు ఇక్కడ సమాధానం దొరుకుతుంది. జెస్సీ తన పేరును మోస్తున్నది అలవాటు వల్ల కాదు. ముందటి రెండు తరాలు చేసిన పని మీద అతను నిలబడి ఉన్నాడు.

కులగాయం వ్యక్తికి తగిలిన గాయం మాత్రమే కాదు. అది పుట్టుకతో అందే గాయం. అందువల్ల దాని నుంచి కోలుకోవడం కూడా వారసత్వంగా అందవలసి ఉంటుంది. ఒక్క ప్రార్థనతో, ఒక్క బాప్తిస్మంతో, ఒక్క పోరాటంతో అది తీరిపోతుందని చెప్పే కథనాలకు ఈ నవల మౌనంగా ఇచ్చిన సమాధానం ఇది.

ఈ సందర్భంలో ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ (1922)తో పోల్చి చూడటం సముచితం. అందులో రామదాసు భక్తుడు. కొడుకు సంగదాసు హత్యకు గురైనా, ఆస్తి పోయినా అతని విశ్వాసం చలించదు. సంగదాసు పేరు మీద సంఘజీవనం కూడా ఏర్పడుతుంది. అయితే రామదాసు విశ్వాసం ప్రధానంగా సహనరూపంలో ఉంది. మరో కొడుకు వెంకటదాసు ఎంచుకొన్న తిరుగుబాటుకూ, తండ్రి భక్తికీ మధ్య సయోధ్య కుదరడం కష్టం. ‘అంటరాని వసంతం’లో విశ్వాసం నుంచి తిరుగుబాటుకు మధ్యలో స్మృతి అనే వంతెన ఉంది. రూబేను వెదుకులాట ఆ వంతెన. ఈ వంతెనను నిర్మించడం వల్ల కళ్యాణరావు నవల తన పూర్వనవల ఆగిన చోటు నుంచి ముందుకు నడవగలిగింది.

7. విశ్వాసానికి ఉన్న హద్దులు

విశ్వాసం అన్నిటికీ పరిష్కారమని నవల ఎక్కడా చెప్పదు. క్రైస్తవంలోకి వచ్చినవారిపై కులదౌర్జన్యం ఆగలేదు. చరిత్ర కూడా ఇదే చెబుతుంది. ఆదివారం పని మానడం, చచ్చిన పశువు మాంసం తినడం మానడం, గ్రామదేవతల కొలుపుల్లో డప్పు కొట్టడం మానడం వంటి నియమాలను పాటించిన మాదిగక్రైస్తవులు భూస్వాముల ఆగ్రహానికి గురయ్యారు. పని మానే రోజు ఒకటి ఉండటమే వెట్టివ్యవస్థకు సవాలయింది.

1985 జూలై 17న కారంచేడులో మాదిగలపై జరిగిన దాడిలో ఆరుగురు హతులయ్యారు. ప్రాణాలు దక్కించుకొన్నవారు చీరాలకు చేరి చర్చి ఆవరణలో తలదాచుకొన్నారు. ఆ శిబిరం దళిత మహాసభ ఆవిర్భావానికి దారితీసింది. ధాత కరువు ముగిసిన నూరేళ్ల తరువాత కూడా మొదటి దశ అయిన భద్రత కోసమే మళ్లీ చర్చి గోడల లోపలికి రావలసి వచ్చింది. కోలుకోవడం తిన్ననిదారిలో సాగదని, గాయపరిచే వ్యవస్థ ఉన్నంతకాలం మొదటికి తిరిగి రావలసి ఉంటుందని ఈ సంఘటన తెలుపుతున్నది. అదే సమయంలో, ఆశ్రయంగా మొదలైన చోటు ఉద్యమవేదికగా మారగలదనీ తెలుపుతున్నది.

చట్టం వైపు నుంచి చూసినా ఇటువంటి సమస్యే ఎదురవుతుంది. 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వు మూడవ పేరా ప్రకారం హిందూమతం కాక వేరే మతం అవలంబించినవారు షెడ్యూల్డు కులాల పరిధిలోకి రారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇందులో సవరణ జరిగింది. దళితక్రైస్తవులకు జరగలేదు. ఆంధ్రప్రదేశ్‌లో వారిని వెనుకబడిన తరగతుల్లో ‘సి’ వర్గంగా గుర్తించి ఒక శాతం రిజర్వేషను కల్పించారు. మతం మారిన క్షణంలోనే గతం చెరిగిపోయిందన్న భావన ఈ ఉత్తర్వుకు పునాది. ఆశ్చర్యకరంగా, సాక్ష్యప్రక్రియ పునాది కూడా అదే. ఒకటి భక్తితో చెప్పినదాన్ని మరొకటి శాసనంగా చెప్పింది. నవల ఈ రెండింటితోనూ విభేదించింది. సీమోనులో శివయ్య ఉన్నాడని, రూబేనులో ఎల్లన్న ఉన్నాడని అది పట్టుబట్టి చెప్పింది. ఒక ధ్రువపత్రంలో ఏ పేరు రాయాలి, ఏ కులం రాయాలి అన్న ప్రశ్న నేటికీ ఎదుర్కొంటున్న కుటుంబాలకు ఈ పట్టుదల కేవలం సాహిత్యవిషయం కాదు.

నవలకూ ఒక పరిమితి ఉంది. విశ్వాసాన్ని అది చరిత్రగా చూపినంత బలంగా నిత్యానుభవంగా చూపలేదు. సాయంకాలప్రార్థన, కీర్తన, ఉపవాసం, జబ్బుపడ్డ ఇంటికి సంఘస్త్రీలు వెళ్లి కూర్చోవడం వంటివి ఒక మనిషిని రోజువారీగా ఎలా నిలబెడతాయో తెలుసుకోవాలనుకొన్న పాఠకునికి నవలలో తక్కువే దొరుకుతుంది. ఇల్లిల్లూ తిరిగిన బైబిలు స్త్రీల కృషి సంఘాల నిర్మాణంలో ఎంతో ఉన్నది. ఆ లోపలి జీవితం ఇంకా తన నవలాకారుని కోసం ఎదురుచూస్తున్నది.

8. ముగింపు

1. ధాత కరువు కాలపు మతాంతరీకరణల్లో విశ్వాసం చుట్టరికాల ద్వారా, తోటివారి ఆదరణ ద్వారా వ్యాపించింది. జనం ముందు, దైవం తరువాత అనే రూతు గ్రంథపు క్రమం చరిత్రలోనూ, నవలలోనూ కనిపిస్తుంది.

2. ‘అంటరాని వసంతం’ సాక్ష్యప్రక్రియలోని చెప్పుకొనే హక్కును స్వీకరించి, గతమంతా చీకటి అనే నియమాన్ని తిరస్కరించింది. గతంలోని అవమానాన్ని దాటవలసినదిగా, గతంలోని పాటను, ధైర్యాన్ని తెచ్చుకోవలసినవిగా వేరుచేసింది.

3. భద్రత, స్మరణ, పునఃసంబంధం అనే మూడు దశలు ఈ నవలలో మూడు తరాల మీదుగా సాగాయి. అందువల్ల విశ్వాసాన్ని, స్మృతిని, పోరాటాన్ని పరస్పరవిరుద్ధాలుగా కాక ఒకదానిపై ఒకటి నిలిచిన అంతస్తులుగా చదవడం సమంజసం.

4. వంశస్మృతిని నిలిపిన వ్యక్తి బయటి నుంచి వచ్చిన కోడలు కావడం నవలానిర్మాణంలో కీలకాంశం. రూతు, జెస్సీ అనే పేర్ల పోలిక ఈ పఠనాన్ని బలపరుస్తుంది.

ప్రకాశం, గుంటూరు, నెల్లూరు ప్రాంతాల సంఘాల్లో నేటికీ వృద్ధులు చెప్పే సాక్ష్యాలను మౌఖికసాహిత్యంగా సేకరించి, వాటిలో బాప్తిస్మానికి ముందటి ఊళ్లు, పేర్లు, పాటలు ఎంతవరకు మిగిలి ఉన్నాయో పరిశీలించడం ఈ దిశలో చేపట్టవలసిన తదుపరి పరిశోధన. రూబేను ఒక్కడుగా చేసిన ఆ పని అనేకమంది పరిశోధకులు కలిసి చేయదగినది. చెప్పగలిగినవారు ఉన్నప్పుడే ఆ పని మొదలుకావలసి ఉంది.